లెక్క సరైనదే, చదవడమే తప్పింది: ఆర్థిక గణాంకాల వెనుక దాగే సందర్భం

2020 ఏప్రిల్‌లో అమెరికా ప్రైవేటు రంగంలో గంటకు సగటు వేతనం ఒక్క నెలలోనే 4.7 శాతం పెరిగి 30.01 డాలర్లకు చేరింది. మామూలుగా ఏడాదంతా కలిపి 3 శాతం అటూ ఇటుగా పెరిగే అంకె అది. అదే నెలలో అక్కడ 2 కోట్ల 5 లక్షల ఉద్యోగాలు పోయాయి. ఈ రెండు అంకెలనూ అక్కడి కార్మిక గణాంకాల సంస్థ బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్ ఒకే రోజు, ఒకే నివేదికలో విడుదల చేసింది. రెండింట్లోనూ తప్పు లేదు. జీతాలు పెంచకుండానే సగటు జీతం పెరిగింది.

ఎలాగో చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక సంస్థలో పదిమంది పనిచేస్తున్నారు. నలుగురికి గంటకు 10, నలుగురికి 25, ఇద్దరికి 50. మొత్తం 240, సగటు 24. వ్యాపారం దెబ్బతిని, 10 తీసుకునేవాళ్లలో ముగ్గుర్ని, 25 తీసుకునేవాళ్లలో ఒకర్ని తీసేశారు. మిగిలిన ఆరుగురి వేతనాలు కలిపితే 10 + 75 + 100 = 185. ఆరుతో భాగిస్తే 30.83. సగటు 28 శాతం పెరిగింది. సంస్థ చెల్లించే మొత్తం 23 శాతం పడిపోయింది. మిగిలిన ఆరుగురిలో ఎవరికీ పైసా పెరగలేదు. రేపు ఆ నలుగుర్నీ వెనక్కి పిలిస్తే సగటు మళ్లీ 24కి దిగుతుంది. అప్పుడు ‘సగటు వేతనం పతనం’ అని శీర్షిక పెట్టినా లెక్క ప్రకారం నిజమే అవుతుంది.

తక్కువ జీతగాళ్లు పెద్ద సంఖ్యలో ఉద్యోగాలు కోల్పోవడమే ఈ పెరుగుదలకు ముఖ్య కారణమని అదే నివేదికలో రాసి ఉంది. అంటే సందర్భాన్ని ఎవరూ దాచలేదు. అంకె ఒక్కటే బయటికి వచ్చి తిరిగింది, దాని పక్కనున్న వాక్యం నివేదికలోనే ఉండిపోయింది.

దొంగ లెక్కల సంగతి వేరు, వాటి గురించి ఇక్కడ మాట్లాడటం లేదు. సరిగ్గా లెక్కించిన అంకెలు కూడా మనల్ని ఎలా పక్కదారి పట్టిస్తాయన్నదే ఇక్కడి విషయం. ప్రతి గణాంకమూ ఒక నిర్దిష్టమైన ప్రశ్నకు జవాబు. ప్రశ్నను వదిలేసి జవాబును మాత్రమే వినిపిస్తే, వినేవాళ్లు తమకు తోచిన ప్రశ్నను దానికి తగిలించుకుంటారు.

## ఒకే ఆర్థిక వ్యవస్థకు మూడు వృద్ధి రేట్లు

జీడీపీ అంటే ఒక దేశంలో ఒక నిర్ణీత కాలంలో ఉత్పత్తైన వస్తువుల, సేవల అంతిమ విలువ. వృద్ధి రేటు అంటే ఆ విలువ మరో కాలంతో పోలిస్తే ఎంత మారిందన్నది. చిక్కంతా ఆ ‘మరో కాలం’ ఏదన్న దగ్గరే మొదలవుతుంది.

ఒక దేశంలో నిరుటి నాలుగు త్రైమాసికాల ఉత్పత్తి వరుసగా 100, 101, 102, 104 అనుకుందాం. ఈ ఏడాది మొదటి త్రైమాసికంలో అది 103. ఇప్పుడు వృద్ధి ఎంత?

నిరుడు ఇదే త్రైమాసికంతో పోలిస్తే 100 నుంచి 103కి వచ్చింది కాబట్టి 3 శాతం పెరిగింది. క్రితం త్రైమాసికంతో పోలిస్తే 104 నుంచి 103కి దిగింది కాబట్టి దాదాపు 1 శాతం తగ్గింది. అదే తగ్గుదల వరుసగా నాలుగు త్రైమాసికాలు కొనసాగితే ఏడాదికి ఎంతవుతుందని లెక్కగడితే 3.8 శాతం క్షీణత. ఈ మూడో పద్ధతిని వార్షికీకరణ అంటారు. పెరిగింది 3, తగ్గింది 1, తగ్గింది 3.8: మూడూ ఒకే దేశానివి, ఒకే త్రైమాసికానివి, మూడూ సరైనవే. (ఇక్కడ సీజన్ ప్రభావాన్ని ముందే సర్దేశామనుకుంటున్నాం. లేకపోతే పండగలు, పంటకాలాలు, సెలవులు క్రితం త్రైమాసికంతో చేసే పోలికను పూర్తిగా పాడుచేస్తాయి.)

ఏ దేశం ఏ పద్ధతిని ముందు పెడుతుందన్నది అలవాటు. భారత్, చైనా ఏడాది కిందటి త్రైమాసికంతో పోల్చిన అంకెను ముందుగా చెబుతాయి. యూరో ప్రాంతంలో క్రితం త్రైమాసికంతో పోల్చిన అంకెదే ప్రాధాన్యం. అమెరికాలో వార్షికీకరించిన అంకె శీర్షికకెక్కుతుంది. కాబట్టి అమెరికా 2 శాతం, యూరో ప్రాంతం 0.5 శాతం అని పక్కపక్కన రాస్తే నాలుగు రెట్ల తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. 0.5ను వార్షికీకరిస్తే వచ్చేదీ 2 చిల్లరే.

మామూలు కాలంలో ఈ తేడా పెద్దగా ఇబ్బంది పెట్టదు. కుదుపు వచ్చినప్పుడే బాగా దెబ్బతీస్తుంది. 2020 రెండో త్రైమాసికంలో అమెరికా జీడీపీ 32.9 శాతం పడిపోయిందని తొలి అంచనా వచ్చింది. ‘మూడో వంతు ఆర్థిక వ్యవస్థ తుడిచిపెట్టుకుపోయింది’ అని చాలామంది అర్థం చేసుకున్నారు. నిజానికి ఆ మూడు నెలల్లో తగ్గింది 9.5 శాతం. 100 ఉన్నది 90.5 అయింది. ఇదే దెబ్బ మరో మూడుసార్లు తగిలితే 90.5 కాస్తా 81.9, తర్వాత 74.1, చివరికి 67.1 అవుతుంది. 100లోంచి 67.1 తీసేస్తే 32.9. జరగని మూడు త్రైమాసికాల పతనం కూడా ఆ శీర్షికలో కలిసి ఉందన్నమాట.

మూడో త్రైమాసికంలో 33.1 శాతం వృద్ధి అని తొలి అంచనా. పడినదానికంటే ఎక్కువే లేచిందని అనిపిస్తుంది. వార్షికీకరణ తీసేస్తే అది 7.4 శాతం. 90.5 మీద 7.4 శాతం పెరిగితే 97.2. అంటే పతనానికి ముందున్న స్థాయికి ఇంకా దాదాపు 3 శాతం కిందే. తర్వాతి సవరణల్లో ఈ అంకెలు కొద్దిగా మారాయి గానీ కథ మారలేదు.

## పడిన చోటు నుంచి కొలిస్తే లేచింది ఎక్కువగా కనిపిస్తుంది

శాతం ఒక భిన్నం. లవం ఒక్కటే చూసి హారాన్ని మరిచిపోతే ఏం జరుగుతుందో చెప్పడానికి బేస్ ఎఫెక్ట్‌ను, అంటే పోలిక మొదలయ్యే అంకె చిన్నదో పెద్దదో అవడం వల్ల శాతం మారిపోవడాన్ని, మించిన ఉదాహరణ లేదు. 100లో 50 శాతం పోతే 50. ఆ 50 మీద 50 శాతం పెరిగితే 75 మాత్రమే. పడింది 100 మీద, లేచింది 50 మీద.

భారత్ జీడీపీ స్థిర ధరల్లో, అంటే ధరల పెరుగుదలను తీసేసి చూస్తే, 2019 ఏప్రిల్–జూన్‌లో 35.66 లక్షల కోట్ల రూపాయలు. లాక్‌డౌన్ పడిన 2020 ఏప్రిల్–జూన్‌లో 26.95 లక్షల కోట్లు, అంటే 24.4 శాతం క్షీణత. 2021 ఏప్రిల్–జూన్‌లో 32.38 లక్షల కోట్లు, అంటే 20.1 శాతం వృద్ధి. 2021 ఆగస్టు చివర్లో ఈ లెక్క వచ్చినప్పుడు 20.1 శాతాన్ని రికార్డు వృద్ధి అన్నవాళ్లూ, రెండేళ్ల కిందటితో పోలిస్తే ఇంకా 9 శాతం తక్కువేనన్నవాళ్లూ పోట్లాడుకున్నారు. ఇద్దరి చేతిలో ఉన్నవీ ఒకే మూడు అంకెలు.

ఎవరిది న్యాయం? ఏడాది కిందటితో పోల్చడం సర్వత్రా ఉన్న పద్ధతి, సీజన్ గొడవ దానంతటదే పోతుంది, ప్రతి ఏడాదీ ఒకే కొలబద్ద ఉంటుంది. కాబట్టి 20.1ను ప్రకటించడంలో మోసం లేదు. అయితే కొలబద్ద మొదలయ్యే చోటే గుంట ఉన్నప్పుడు, గుంటకు ముందున్న స్థాయిని కూడా చెప్పకపోతే ఆ అంకె సగం సమాచారమే ఇస్తుంది. పెద్ద కుదుపు తర్వాత వచ్చే ఏ వృద్ధి రేటునైనా శాతంగా మాత్రమే కాకుండా స్థాయిగా కూడా చూడాలన్నది నా అభిప్రాయం. మూడు అంకెలు వరుసగా రాసుకుంటే అర నిమిషంలో తేలిపోయే విషయం ఇది.

శాతాలతో మరో పొరపాటు కూడా తరచూ జరుగుతుంది. వడ్డీ రేటు 4 నుంచి 6కి పెరిగితే పెరిగింది 2 శాతం కాదు, 2 శాతం పాయింట్లు. శాతంలో చెప్పాలంటే 50 శాతం పెరిగింది. చిన్నగా కనిపించాలనుకునేవాళ్లు పాయింట్లు చెబుతారు, పెద్దగా కనిపించాలనుకునేవాళ్లు శాతం చెబుతారు.

## ద్రవ్యోల్బణం తగ్గడమంటే ధరలు తగ్గడం కాదు

ద్రవ్యోల్బణం అంటే ధరలు పెరిగే వేగం. వేగం తగ్గిన బండి ఆగిపోయినట్టు కాదు, వెనక్కి వస్తున్నట్టు అసలే కాదు. ధరల సూచీ మొదట 100. ఏడాదిలో 10 శాతం పెరిగి 110 అయింది. మరుసటి ఏడాది 4 శాతం పెరిగి 114.4 అయింది. ద్రవ్యోల్బణం 10 నుంచి 4కి దిగింది, సగానికి పైగా తగ్గింది. ధరలు మాత్రం రెండేళ్ల కిందటికంటే 14.4 శాతం ఎక్కువ.

ఇదే కాలంలో ఒకరి జీతం ఏటా 5 శాతం పెరిగింది. 100, 105, 110.25. రెండో ఏడాది జీతం 5 శాతం, ధరలు 4 శాతం పెరిగాయి కాబట్టి ‘వేతనాలు ద్రవ్యోల్బణాన్ని దాటాయి’ అన్న మాట నిజం. కానీ 110.25ను 114.4తో భాగిస్తే 96.4 శాతం. రెండేళ్ల కిందట ఆ జీతంతో వంద కొనగలిగిన మనిషి ఇప్పుడు 96 మాత్రమే కొనగలుగుతున్నాడు. అధికారులు పరిస్థితి మెరుగుపడిందంటుంటే జనం గడవడం లేదనడానికి కారణం చాలాసార్లు ఇదే. అధికారులు ఈ ఏడాది వేగాన్ని చూస్తున్నారు, జనం పోయిన ఏళ్ల పెరుగుదలను ఇంకా మోస్తున్నారు. జనానికి లెక్కలు రావని కొట్టిపారేయడం అన్యాయం.

## సూచీలో ఎవరి ఖర్చుకు ఎంత బరువు

వినియోగదారుల ధరల సూచీ ఒక బుట్ట లాంటిది. కుటుంబాలు దేనిమీద ఎంత ఖర్చు పెడుతున్నాయో సర్వే చేసి, ఒక్కో వస్తువుకూ ఆ మేరకు వెయిటేజీ ఇస్తారు. ఇందులో ఒక సూక్ష్మం ఉంది, దాన్ని దగ్గర్నుంచి చూడాలి.

రెండే కుటుంబాలున్న దేశాన్ని ఊహించండి. మొదటి కుటుంబం నెలకు 20,000 ఖర్చు పెడుతుంది, అందులో సగం, 10,000, తిండికి. రెండోది 80,000 ఖర్చు పెడుతుంది, తిండికి అయిదో వంతు, 16,000. ఆ ఏడాది తిండి ధరలు 12 శాతం, మిగతావన్నీ 3 శాతం పెరిగాయి.

మొదటి కుటుంబం అనుభవించిన ద్రవ్యోల్బణం: 12లో సగం 6, 3లో సగం 1.5, కలిపి 7.5 శాతం. రెండో కుటుంబానికి: 12లో అయిదో వంతు 2.4, 3లో అయిదింట నాలుగు వంతులు 2.4, కలిపి 4.8 శాతం. దేశం మొత్తానికి? లక్ష ఖర్చులో తిండికి పోయింది 26,000, అంటే 26 శాతం వెయిటేజీ. 12లో 26 శాతం 3.12, 3లో 74 శాతం 2.22, కలిపి 5.3 శాతం.

రెండు కుటుంబాల అనుభవాన్ని సగటు చేస్తే 6.15 రావాలి. వచ్చింది 5.3. ఎందుకంటే సూచీలో బరువు మనుషులది కాదు, డబ్బుది. ఎక్కువ ఖర్చు పెట్టే ఇంటి బుట్ట సూచీని తనవైపు లాగుతుంది. దేశం మొత్తం కొనుగోళ్ల ఖరీదు ఎంత పెరిగిందన్నది ప్రశ్న అయితే 5.3 సరైన జవాబు. సాధారణ కుటుంబం బతుకు ఖర్చు ఎంత పెరిగిందన్నది ప్రశ్న అయితే కాదు.

దేశాల మధ్య పోలికలకూ ఇదే వర్తిస్తుంది. 2012 ఆధార సంవత్సరంతో, అంటే ఆ ఏడాది ధరలను 100గా తీసుకుని, భారత్ నడిపిన సూచీలో ఆహార పదార్థాలు, పానీయాల వాటా 45.86 శాతం. అమెరికా సూచీలో ఆహారం వాటా ఏడో వంతు దగ్గర ఉంటుంది. ఆహార ధరలు రెండు చోట్లా ఒకే శాతం పెరిగినా, రెండు సూచీల మీద పడే దెబ్బ ఒకటి కాదు.

ఆహారం, ఇంధనం తీసేసి లెక్కించే మూల ద్రవ్యోల్బణం మీదా వాదం ఉంది. వాటి ధరలు వాన మీదా, యుద్ధాల మీదా ఆధారపడి ఎగిరి పడుతుంటాయి, వడ్డీ రేట్లు మార్చి వాటిని అదుపు చేయలేం, కాబట్టి పక్కన పెట్టి చూస్తేనే అసలు ధోరణి తెలుస్తుందని కేంద్ర బ్యాంకుల ఆర్థికవేత్తలు అంటారు. తినకుండా, తిరగకుండా బతికే కుటుంబం లేదు కదా అని విమర్శకులు అంటారు. విధానం నిర్ణయించేవాళ్లకు మూల ద్రవ్యోల్బణం పనికొస్తుంది, బతుకు భారం కొలిచేవాళ్లకు పనికిరాదు.

## ఉద్యోగాలు రాకుండానే తగ్గే నిరుద్యోగం

పని లేని ప్రతి మనిషీ నిరుద్యోగి కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణాల ప్రకారం మూడు షరతులు ఉండాలి: పని లేకపోవడం, పని దొరికితే చేయడానికి సిద్ధంగా ఉండటం, ఈ మధ్య పని కోసం వెతికి ఉండటం. సర్వే జరిగే వారంలో ప్రతిఫలం కోసమో, లాభం కోసమో ఒక్క గంట పనిచేసినా ఉద్యోగి కిందే లెక్క. పనిలో ఉన్నవాళ్లూ, వెతుకుతున్నవాళ్లూ కలిస్తే శ్రామిక శక్తి. నిరుద్యోగ రేటులో హారం జనాభా కాదు, ఈ శ్రామిక శక్తి.

పనిచేసే వయసున్నవాళ్లు 1,000 మంది. 540 మంది పనిలో ఉన్నారు, 60 మంది వెతుకుతున్నారు. శ్రామిక శక్తి 600, నిరుద్యోగ రేటు 10 శాతం. వెతికి వెతికి విసిగిపోయిన 30 మంది ఇక లాభం లేదని ఆపేశారు. ఇప్పుడు వెతుకుతున్నది 30, శ్రామిక శక్తి 570, రేటు 5.3 శాతం. ఒక్క కొత్త ఉద్యోగం రాకుండానే నిరుద్యోగం దాదాపు సగమైంది.

దీనికి తిరగేసిన సందర్భమూ ఉంది. మంచి రోజులు వస్తున్నాయన్న నమ్మకంతో ఇంటి దగ్గరున్న 40 మంది వెతకడం మొదలెట్టారు, 20 మందికి కొత్తగా పని దొరికింది. పనిలో ఉన్నది 560, వెతుకుతున్నది 80, శ్రామిక శక్తి 640, రేటు 12.5 శాతం. ఉద్యోగాలు పెరిగిన నెలలోనే నిరుద్యోగం పెరిగింది. అందుకే ఈ రేటు పక్కన ఇంకొకటి చూడాలి: పనిచేసే వయసు జనాభాలో ఎందరు పనిలో ఉన్నారన్న నిష్పత్తి. మొదటి సందర్భంలో అది 54 దగ్గరే ఉండిపోయింది, రెండోదాంట్లో 56కి పెరిగింది. అసలు సంగతి చెప్పింది అదే.

పేద దేశాల్లో నిరుద్యోగ రేటు సంపన్న దేశాలకంటే తక్కువగా ఉండటం చూసి ఆశ్చర్యపోయేవాళ్లుంటారు. నిరుద్యోగ భృతి లేనిచోట పని లేకుండా కూర్చోవడం అందరికీ కుదిరే పని కాదు. దొరికిన పని, దొరికినన్ని గంటలు చేస్తారు. సర్వే వాళ్లను ఉద్యోగులుగానే నమోదు చేస్తుంది. సమస్య పని లేకపోవడంలో కాదు, చేసిన పనికి గిట్టకపోవడంలో ఉంటుంది. దాన్ని ఈ రేటు కొలవదు.

నిర్వచనం ఒకటే అయినా నమోదులో తేడాలు రావచ్చు. మళ్లీ 2020 ఏప్రిల్ అమెరికాకే వద్దాం. ప్రకటించిన నిరుద్యోగ రేటు 14.7 శాతం. తాత్కాలికంగా పని పోయినవాళ్లలో చాలామందిని సర్వే సిబ్బంది ‘ఉద్యోగం ఉంది, వేరే కారణాలతో పనికి రాలేదు’ అన్న గడిలో రాశారు. వాళ్లను నిరుద్యోగులుగా లెక్కిస్తే రేటు దాదాపు 5 శాతం పాయింట్లు ఎక్కువ ఉండేదని గణాంక సంస్థే చెప్పింది. అయినా సర్వేలో నమోదైన జవాబుల్ని మార్చలేదు. ఒకసారి మార్చడం మొదలెడితే ఎక్కడ ఆపాలన్న ప్రశ్న వస్తుంది కాబట్టి, అంకెను అలాగే ఉంచి లోపాన్ని వివరంగా రాశారు. మంచి గణాంక వ్యవస్థ నడిచే తీరు అదే. చదివేవాళ్లు ఆ వివరణ దాకా వెళ్లాలి, అంతే.

## జీడీపీ పెరిగిన రోజున ఏం పెరిగింది?

2016 జూలైలో ఐర్లండ్ గణాంక కార్యాలయం ముందటి ఏడాది వృద్ధిని 26.3 శాతంగా ప్రకటించింది. అన్ని కొత్త కర్మాగారాలు లేవు, అంత కొత్త ఉపాధీ లేదు. కొన్ని బహుళజాతి సంస్థలు పేటెంట్ల లాంటి మేధోసంపత్తి హక్కుల్ని తమ ఐరిష్ విభాగాల పేరు మీదికి మార్చాయి. ఆ హక్కుల మీద వచ్చే ఆదాయం ఒక్కసారిగా ఐర్లండ్ ఉత్పత్తి ఖాతాలోకి వచ్చి చేరింది. అంతర్జాతీయ లెక్కల నియమాలను గణాంక కార్యాలయం తుచ తప్పకుండా పాటించింది. పాటించడం వల్లే ఆ అంకె వచ్చింది.

దీంతో దేశపు అప్పును జీడీపీతో భాగించే నిష్పత్తి చూస్తుండగానే చిక్కిపోయింది. అప్పు తీరలేదు, హారం ఉబ్బింది. జీడీపీతో తమ దేశాన్ని తామే అర్థం చేసుకోలేని పరిస్థితి రావడంతో, సవరించిన స్థూల జాతీయ ఆదాయం అనే కొత్త కొలతను 2017 నుంచి ప్రచురిస్తున్నారు. తరలివచ్చిన మేధోసంపత్తి తరుగుదల, లీజుకిచ్చిన విమానాల తరుగుదల లాంటివి అందులోంచి తీసేస్తారు.

నైజీరియాది మరో రకం. 2014 ఏప్రిల్‌లో ఆ దేశం ఆధార సంవత్సరాన్ని 1990 నుంచి 2010కి మార్చింది. 2013 జీడీపీ పాత లెక్కకంటే 89 శాతం పెరిగి దాదాపు 51,000 కోట్ల డాలర్లయింది. దక్షిణాఫ్రికాను దాటి ఆఫ్రికాలో అతిపెద్ద ఆర్థిక వ్యవస్థగా నిలిచింది. ఆ రాత్రికి రాత్రి అక్కడి జనం చేతికి కొత్తగా వచ్చిందేమీ లేదు. 1990 నాటి చట్రంలో మొబైల్ ఫోన్ల రంగానికీ, సినీ పరిశ్రమకీ తగిన చోటు లేదు. ఇన్నాళ్లూ ఉండి లెక్కకు రానివి ఇప్పుడు లెక్కకు వచ్చాయి.

ఇది గొప్పలు చెప్పుకోవడమేనని కొందరన్నారు. పాత అంకెలే తప్పుగా తక్కువ చూపాయని గణాంకవేత్తలన్నారు. నా దృష్టిలో రెండోవాళ్లదే సరైన మాట. కానీ సవరించిన తర్వాత నిష్పత్తులన్నీ కదులుతాయన్నది మరవకూడదు. జీడీపీ 100, అప్పు 20, పన్ను రాబడి 12 అనుకుంటే, జీడీపీ 189 అయిన మరుక్షణం అప్పు 20 శాతం నుంచి 10.6కు, పన్ను రాబడి 12 నుంచి 6.3కు దిగుతాయి. అప్పు విషయంలో దేశం బలంగా, పన్నుల విషయంలో బలహీనంగా కనిపిస్తుంది. అప్పు పత్రాలూ, ఖజానా పుస్తకాలూ మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

జాతీయ ఆదాయ లెక్కలకు పునాది వేసిన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే, ఈ కొలతను బట్టి ఒక జాతి సంక్షేమాన్ని అంచనా కట్టలేమని అమెరికా కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలో హెచ్చరించాడు. తలసరి జీడీపీని మనిషి సగటు ఆదాయంగా రాసే అలవాటు ఇంకా పోలేదు. కంపెనీల లాభాలూ, ప్రభుత్వ సేవలూ, విదేశీ యజమానులకు వెళ్లిపోయేదీ అన్నీ అందులో ఉంటాయి. అదీగాక సగటుకూ మధ్యగతానికీ తేడా ఉంది. అయిదుగురి ఆదాయాలు 10, 12, 15, 18, 45. సగటు 20. వరుసలో నడిమధ్య ఉన్నది 15, అదే మధ్యగతం. చివరాయన ఆదాయం 95కి చేరితే సగటు 30 అవుతుంది, మధ్యగతం 15 దగ్గరే ఉంటుంది. దేశం ఎంత పన్ను కట్టగలదో తెలియాలంటే సగటు కావాలి. మామూలు ఇల్లు ఎలా ఉందో తెలియాలంటే మధ్యగతం కావాలి.

## డాలర్లలోకి మార్చినప్పుడు

ఒక దేశపు ఉత్పత్తి విలువ స్వదేశీ కరెన్సీలో 10 శాతం పెరిగింది. అదే ఏడాది డాలరుకు 80 ఉన్న మారకం రేటు 88కి జారింది. డాలర్లలో వృద్ధి సున్నా. ప్రపంచ ర్యాంకుల పట్టికలో ఆ దేశం కదలదు, కొన్నిసార్లు కిందికి జారుతుంది. లోపల ఫ్యాక్టరీలు, పొలాలు ఎలా నడిచాయన్నదానికీ దీనికీ సంబంధం తక్కువ.

కొనుగోలు శక్తి తులనాత్మకతతో లెక్కిస్తే, అంటే ఒకే రకం సరుకు రెండు చోట్లా ఎంతకు వస్తుందో చూసి సర్దితే, చిత్రం మారుతుంది. అంతర్జాతీయ ద్రవ్య నిధి 2014 నాటి లెక్కల్లో ఈ పద్ధతిలో చైనా ఆ ఏడాదే అమెరికాను దాటింది. మార్కెట్ మారకం రేటుతో చూస్తే అమెరికాయే ముందుంది. జీవన ప్రమాణాలు పోల్చడానికి మొదటిది మేలు. దిగుమతుల బిల్లు కట్టడానికీ, విదేశీ అప్పు తీర్చడానికీ మాత్రం రెండోదే నిజం, ఎందుకంటే విదేశీ విక్రేత మన ఇంటి ధరల్లో డబ్బు తీసుకోడు.

## తొలి అంచనా తుది మాట కాదు

జీడీపీ తొలి అంచనా వచ్చేనాటికి సమాచారంలో కొంత భాగమే చేతికి వస్తుంది. మిగతాది పాత ధోరణుల్ని బట్టి, అందుబాటులో ఉన్న సూచికల్ని బట్టి నింపుతారు. కంపెనీల వార్షిక సర్వేలు, పన్ను రికార్డులు వచ్చేకొద్దీ సవరిస్తూ పోతారు. ఇది లోపం కాదు, తొందరగా కావాలన్నందుకు చెల్లించే ధర.

కానీ ఆ ధర ఒక్కోసారి పెద్దదే. 2021 చివరి త్రైమాసికంలో బ్రిటన్ ఆర్థిక వ్యవస్థ మహమ్మారికి ముందున్న స్థాయికంటే 1.2 శాతం తక్కువగా ఉందని ముందటి లెక్కలు చెప్పాయి. వ్యాపారాల ఖర్చుల మీద మరింత వివరమైన సమాచారం వచ్చాక, 2023 సెప్టెంబరులో ఆ అంకెను 0.6 శాతం ఎక్కువగా సవరించారు. మైనస్ పోయి ప్లస్ వచ్చింది. ఈ సవరణ వచ్చేదాకా బ్రిటన్ ఎందుకు కోలుకోవడం లేదన్న చర్చ పాత అంకె మీదే నడిచింది. తొలి అంచనాలో 0.1 శాతం తేడాను పట్టుకుని మాంద్యమా కాదా అని తేల్చేసేవాళ్లు ఈ సవరణను గుర్తుపెట్టుకోవాలి.

## ‘చరిత్రలోనే అత్యధికం’

రికార్డు అన్న మాట వినిపించినప్పుడల్లా ఒక చిన్న భాగహారం చేసుకోవచ్చు. ధరలూ జనాభా పెరుగుతున్న దేశంలో ప్రస్తుత ధరల్లో (ధరల పెరుగుదలను తీసేయకుండా) కొలిచే ఏ మొత్తమైనా, పన్ను వసూళ్లు గానీ, బడ్జెట్ గానీ, ఎగుమతులు గానీ, దాదాపు ప్రతి ఏడాదీ రికార్డే అవుతుంది.

పాఠశాలలకు కేటాయింపు 100 నుంచి 106కి పెంచారు. చరిత్రలోనే అత్యధికం. ఆ ఏడాది ధరలు 5 శాతం పెరిగాయి, బడికి వచ్చే పిల్లలు 1.5 శాతం పెరిగారు. 106ను 1.05తో భాగిస్తే 100.95. దాన్ని 1.015తో భాగిస్తే 99.5. ఒక్కో పిల్లవాడి మీద పెట్టే అసలు ఖర్చు నిరుటికంటే అర శాతం తగ్గింది.